జాంగోలో 404 వస్తే ఎక్కడ వెతకాలి: రూటింగ్ తిప్పలు, తెలుగు లింకుల తలనొప్పి

పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో 404, అంటే 'ఆ పేజీ దొరకలేదు' అనే జవాబు, కనిపించగానే చాలామంది యూఆర్ఎల్స్ ఫైలు (ఏ లింకు ఏ కోడ్‌కి పోవాలో, అంటే రూట్లు, రాసుకునే ఫైలు) తెరిచి అందులో ఏదో ఒకటి కెలుకుతారు. ఒక స్లాష్ తీసి చూస్తారు, మళ్లీ పెట్టి చూస్తారు, రెండు లైన్లు పైకీ కిందికీ మారుస్తారు, చివరికి అసలు మొదట ఎట్టా ఉందో కూడా గుర్తుండదు. ఆ పని కాసేపు ఆపండి. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఆ 404 ఎవరిచ్చారు?

ఎందుకంటే ఇచ్చేవాళ్లు ముగ్గురు ఉంటారు. మీ రిక్వెస్టు జాంగో దాకా రాకుండానే ముందున్న వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్ ఇచ్చి ఉండొచ్చు. జాంగో దాకా వచ్చినా ఏ రూటుకీ అతక్క జాంగో రూటరే ఇచ్చి ఉండొచ్చు. లేదంటే రూటు చక్కగా దొరికి, ఆ పేజీ తయారుచేసే వ్యూ ఫంక్షన్ కూడా నడిచి, డేటాబేసులో ఆ రికార్డు లేక మీ కోడే ఇచ్చి ఉండొచ్చు. ట్రంకు రోడ్డులో ఆ డోర్ నంబరే లేకపోవడం వేరు, ఇల్లు దొరికి తలుపు తడితే మనిషి ఊళ్లో లేకపోవడం వేరు. రెండింటికీ ఒకే మందు వేస్తే పని జరగదు.

మాటలు గాల్లో తేలకుండా ఒక యాప్ అనుకుందాం. ఇందుకూరుపేట, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు మండలాల్లో రొయ్యల గుంటలున్న రైతులకి ఆ రోజు రేటు కౌంట్ వారీగా చూపించే సైటు. తెలియనివాళ్లకి చెప్తున్నా, కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్, 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. కాబట్టి మన లింకులు 'రేట్స్/30/', 'రేట్స్/టుడే/', 'రేట్స్/ముత్తుకూరు/' ఇలా ఉంటాయి. కోడ్ పేర్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, ఎడిటర్‌లో మీరు మామూలుగా కొట్టుకునేట్టే కొట్టుకోండి.

ఎవరిచ్చారో పేజీయే చెప్తుంది

లోకల్‌లో డీబగ్ (తప్పుల వివరాలు చూపించే సెట్టింగ్) ట్రూ పెట్టుకుని నడుపుతుంటే జాంగో పసుపు రంగు పట్టీతో ఒక 404 పేజీ ఇస్తుంది. దాన్ని చూడగానే టెన్షన్ పడి ట్యాబ్ మూసేయకండి, సగం జవాబు అందులోనే ఉంటుంది. ఏ యూఆర్ఎల్‌కాన్ఫ్ (అంటే ఏ యూఆర్ఎల్స్ ఫైలు) వాడిందో, అందులో ఏయే ప్యాటర్న్‌లు ఏ వరసలో ప్రయత్నించిందో మొత్తం జాబితా ఉంటుంది. దాని కింద ఒక వాక్యం ఉంటుంది చూడండి. మీ పాత్ 'డిడింట్ మ్యాచ్ ఎనీ ఆఫ్ దీజ్' అని ఉంటే రూటింగ్ తప్పింది. 'మ్యాచ్‌డ్ ద లాస్ట్ వన్' అని ఉంటే రూటింగ్ బాగానే ఉంది, జాబితాలో ఆఖరున ఉన్న ప్యాటర్న్‌కి అతికింది, 404 ఇచ్చింది మీ వ్యూ. అలాంటప్పుడు పైన 'రెయిజ్‌డ్ బై' అని ఆ వ్యూ పేరు కూడా కనిపిస్తుంది, రికార్డు లేకపోతే 404 ఇచ్చే గెట్ ఆబ్జెక్ట్ ఆర్ 404 ఫంక్షన్ వాడి ఉంటే 'నో రేట్ మ్యాచెస్ ద గివెన్ క్వెరీ' లాంటి మాట కూడా ఉంటుంది. ఇది కనిపించాక యూఆర్ఎల్స్ ఫైలు జోలికి పోవద్దు, పోయి డేటా చూడండి. ఆ రోజు 30 కౌంట్ రేటు ఎవరూ ఎక్కించి ఉండరు, అంతే.

జాబితాలో మీరు ఇప్పుడే రాసిన ప్యాటర్నే కనపడకపోతే అది ఇంకో కథ. యాప్‌లో రాసిన యూఆర్ఎల్స్ ఫైలుని ప్రాజెక్టు యూఆర్ఎల్స్ ఫైలులో ఇంక్లూడ్ చేసి ఉండరు, లేదా ఫైలు సేవ్ అయి ఉండదు, లేదా మీరు ఎడిట్ చేసేది ఒక ఫోల్డర్‌లో, సర్వర్ నడిచేది ఇంకో ఫోల్డర్‌లో. మూడోది నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, గిట్ క్లోన్ రెండుసార్లు కొట్టుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఏదో ఒకరోజు జరిగేదే.

పేజీ చూసి తేలకపోతే షెల్‌లో అడగండి. 'మేనేజ్ డాట్ పీవై షెల్' తెరిచి జాంగో డాట్ యూఆర్ఎల్స్ నుంచి రిజాల్వ్ ఇంపోర్ట్ చేసుకుని, రిజాల్వ్ లోపల పాత్ ఇవ్వండి, ముందు స్లాష్ మర్చిపోవద్దు, '/రేట్స్/30/' అని. ఏ ఫంక్షన్‌కి పోతుందో, ఏ విలువలతో పోతుందో, ఆ రూటు పేరేంటో అన్నీ చూపిస్తుంది. ఏదీ అతక్కపోతే రిజాల్వర్404 ఎర్రర్ ఇస్తుంది. బ్రౌజర్ లేదు, క్యాష్ లేదు, లాగిన్ లేదు, వట్టి రూటింగ్ ఒక్కటే బయటపడుతుంది. నన్నడిగితే ఈ ఒక్క పని అలవాటైతే మిగతా గైడ్లు సగం అక్కర్లేదు.

దాంతోపాటు 'మేనేజ్ డాట్ పీవై చెక్' కూడా ఒకసారి కొట్టండి. ప్యాటర్న్ స్లాష్‌తో మొదలైతే యూఆర్ఎల్స్ డబ్ల్యూ002 అని హెచ్చరిస్తుంది. పాత్ ఫంక్షన్‌లో పాతకాలపు రెగెక్స్ (అక్షరాల నమూనా రాసే పద్ధతి) గుర్తులు, అంటే మొదట టోపీ గుర్తు, చివర డాలర్ గుర్తు, పెట్టినా చెప్తుంది. ఈ పాత్ ఫంక్షన్ వచ్చింది జాంగో 2.0తో, 2017 డిసెంబరులో. అంతకుముందు రాసిన ట్యుటోరియల్స్‌లో యూఆర్ఎల్ అనే ఫంక్షన్ ఉండేది, 4.0లో దాన్ని పూర్తిగా తీసేశారు. కాబట్టి పాత వీడియో చూసి కొడితే ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతుంది, అది మీ తప్పు కాదు, వీడియో పాతది. సగం పాత పద్ధతి, సగం కొత్త పద్ధతి కలిపి కొడితే మాత్రం ఇంపోర్ట్ బాగానే అయి రూటు అతకదు, చెక్ పట్టుకునేది దాన్నే.

వరస

జాంగో పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది, మొదట ఏది అతికితే దానికే ఇచ్చేస్తుంది, కింద ఇంకా బాగా సరిపోయేది ఉందా అని వెతకదు. మన యాప్‌లో 'రేట్స్/<ఎస్‌టీఆర్:మండల్>/' పైన ఉండి 'రేట్స్/టుడే/' కింద ఉంటే, టుడే అనేది ఒక మండలం పేరనుకుని మండలం వ్యూకి పంపేస్తుంది. ఆ పేరుతో మండలం లేదు కాబట్టి అక్కడ 404. ఇందాక చెప్పిన 'మ్యాచ్‌డ్ ద లాస్ట్ వన్' ఇక్కడే కనిపిస్తుంది, రెయిజ్‌డ్ బై దగ్గర మీరు అనుకోని వ్యూ పేరు ఉంటుంది, అది చూసి పట్టేయొచ్చు. ఖాయమైన పేర్లు పైన, ఏదైనా పట్టేసేవి కింద పెట్టుకోండి.

30 లాంటి అంకెకి ఇంట్ కన్వర్టర్ (లింకులో ఆ చోట ఎలాంటి విలువ ఒప్పుకోవాలో చెప్పేది) వాడితే అంకెలు తప్ప వేరేవి అతకవు కాబట్టి గొడవ తగ్గుతుంది, కానీ దాన్ని కూడా మండలం లైను కంటే పైనే పెట్టాలి, లేకపోతే 30 కూడా మండలమే అవుతుంది. ఇంట్ కన్వర్టర్ మైనస్ గుర్తుని ఒప్పుకోదు, దశాంశాన్ని ఒప్పుకోదు.

అన్నింటికంటే ప్రమాదం, ఫ్రంటెండ్ రియాక్ట్‌లో చేసినవాళ్లు పెట్టే 'ఏదొచ్చినా ఇండెక్స్ పేజీకి' అనే రూటు. అది పైన ఉందంటే అడ్మిన్ పోతుంది, ఏపీఐ పోతుంది, పైగా 404 కూడా రాదు, అన్నింటికీ 200 (అంతా బాగుంది) వచ్చి తెల్ల పేజీ చూపిస్తుంది. అట్టాంటి రూటు ఉంటే ఫైలులో అదే ఆఖరి లైను కావాలి.

స్లాష్

ప్యాటర్న్ చివర స్లాష్ ఉండి, లింకులో లేకపోతే జాంగో తనే స్లాష్ కలిపి 301తో దారి మళ్లిస్తుంది. ఇది అపెండ్ స్లాష్ సెట్టింగ్, మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, కానీ పనిచేసేది కామన్ మిడిల్‌వేర్ ఉంటేనే. దీనికి ఎదురు పని మాత్రం జాంగో చేయదు. ప్యాటర్న్‌లో స్లాష్ లేకుండా లింకులో ఉంటే నేరుగా 404.

గెట్ (పేజీ అడిగే) రిక్వెస్టుకి ఇదంతా బాగానే నడుస్తుంది. పోస్ట్ (డేటా పంపే) రిక్వెస్టు దగ్గరే మునుగుతాం. మొబైల్ యాప్ నుంచి రేటు ఎక్కించే లింకు చివర స్లాష్ మర్చిపోయారనుకోండి, డీబగ్ ఆన్‌లో ఉంటే జాంగో రన్‌టైమ్ ఎర్రర్ ఇచ్చి విషయం ముఖం మీదే చెప్తుంది. సర్వర్ మీద డీబగ్ ఆఫ్‌లో ఉంటుంది కాబట్టి నోరెత్తకుండా 301 ఇస్తుంది, అవతల క్లయింట్ ఆ దారి పట్టుకుని పోస్ట్‌ని గెట్‌గా మార్చి వెళ్తుంది, పంపిన డేటా మధ్యలోనే పోతుంది. 405 (ఈ పద్ధతి ఒప్పుకోను) వస్తే అదృష్టం. రాకపోతే అంతా బాగున్నట్టే 200 వస్తుంది, రేటు మాత్రం ఎక్కదు, "ఏందన్నా, పొద్దున కొట్టిన రేటు కనపడటంలా" అని ఫోను వస్తుంది. సర్వర్ లాగ్‌లో ఒక పోస్ట్‌కి 301, వెంటనే అదే పాత్‌కి స్లాష్‌తో గెట్ కనిపిస్తే జబ్బు ఇదే.

ఇంకోటి, ఇంక్లూడ్ దగ్గర స్లాష్. ప్రాజెక్టు ఫైలులో 'రేట్స్' అని స్లాష్ లేకుండా ఇంక్లూడ్ చేస్తే, లోపలి ప్యాటర్న్ దానికి నేరుగా అంటుకుని 'రేట్స్30/' అవుతుంది. జాంగో మధ్యలో ఏమీ కలపదు, రెండు ముక్కల్ని పక్కపక్కన పెడుతుందంతే. 404 పేజీ జాబితాలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రశ్నార్థకం తర్వాత వచ్చేది, '?డేట్=...' లాంటిది, ప్యాటర్న్‌తో పట్టుకోవాలని చూడకండి. రూటర్ దాన్ని అసలు చూడదు, వ్యూలో రిక్వెస్ట్ డాట్ గెట్ నుంచి తీసుకోవాలి.

తెలుగు లింకులు పెడితే

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే ఇంగ్లీషు గైడ్లలో ఈ ఇబ్బంది కనిపించేది తక్కువ. 'రేట్స్/ముత్తుకూరు/' అని మండలం పేరు తెలుగు లిపిలోనే లింకులో ఉండాలని క్లయింట్ అడుగుతాడు, మనకీ ముచ్చటగానే ఉంటుంది. మండలం కదా అని స్లగ్ (లింకులో వాడే పేరు ముక్క) కన్వర్టర్ పెడతాం. వెంటనే 404. ఎందుకంటే జాంగో స్లగ్ కన్వర్టర్ ఒప్పుకునేది ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ మాత్రమే. తెలుగు అక్షరం ఒక్కటి ఉన్నా అతకదు. ఎస్‌టీఆర్ కన్వర్టర్ అయితే స్లాష్ తప్ప ఏదైనా తీసుకుంటుంది కాబట్టి తెలుగు కూడా పోతుంది.

సరే, ఎస్‌టీఆర్ పెట్టాం, రూటు అతికింది. అయినా రికార్డు దొరకదు. మండలం పేరు నుంచి స్లగ్ తయారుచేయడానికి స్లగిఫై వాడి, అలౌ యూనికోడ్ ట్రూ అని కూడా ఇచ్చారు కదా, ఇంకేం? షెల్‌లో దానికి 'నెల్లూరు' ఇచ్చి చూడండి. బయటికి వచ్చేది 'నలలర'. కావలి ఇస్తే 'కవల'. ఒంగోలు ఇస్తే 'ఒగల'. దర్శి ఇస్తే 'దరశ'. గుణింతం గుర్తులు, పొల్లు, సున్న, అన్నీ ఊడిపోయి వట్టి హల్లులూ అచ్చులూ మిగులుతాయి. కారణం పైథాన్ రెగెక్స్‌లో ఉంది. స్లగిఫై 'పదంలో ఉండదగ్గ అక్షరం' కానిదాన్నల్లా తీసేస్తుంది, పైథాన్ లెక్కలో క, గ, ల అక్షరాలే గానీ వాటి మీద వాలే గుర్తులు అక్షరాలు కావు, యూనికోడ్‌లో అవి వేరే తరగతి. హిందీకీ, తమిళానికీ ఇదే బాధ. స్లగ్ ఫీల్డుకి అలౌ యూనికోడ్ ఇచ్చినా ఫారం దగ్గర తనిఖీ చేసే రెగెక్స్ అదే కాబట్టి అడ్మిన్‌లో చక్కగా 'నెల్లూరు' అని కొట్టినా చెల్లదంటుంది. ఇంకా ఘోరం, రెండు వేరే ఊళ్ల పేర్లు గుణింతాలు పోయాక ఒకే స్లగ్ అయిపోతే, యునీక్ పెట్టినచోట రెండో ఊరు సేవ్ కాదు, పెట్టని చోట ఒక ఊరి రేట్లు ఇంకో ఊరివాళ్లకి కనిపిస్తాయి.

దీనికి మందు మూడు రకాలు. మీరే ఒక కన్వర్టర్ క్లాసు రాసుకోవచ్చు, రెగెక్స్‌లో తెలుగు బ్లాకు మొత్తం, 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, చేర్చి, రిజిస్టర్ కన్వర్టర్‌తో నమోదు చేసి వాడుకోవచ్చు, స్లగ్ కూడా స్లగిఫై లేకుండా సొంతంగా చేసుకోవాలి. రెండోది, ప్రతి మండలానికీ ఇంగ్లీషు అక్షరాల స్లగ్ ఒకటి చేత్తో రాసి పెట్టుకోవడం. ఒక జిల్లాలో ఉండే మండలాలకి అదేం పెద్ద పని కాదు. మూడోది నాకు నచ్చింది, లింకులో ఐడీ, పేరు రెండూ పెట్టి, వెతికేటప్పుడు ఐడీ ఒక్కటే వాడటం, 'రేట్స్/మండల్/12/నెల్లూరు/' అన్నట్టు. పేరు చూసేవాళ్లకి, ఐడీ మనకి. పేరులో అక్షరం తేడా వచ్చినా పేజీ తెరుచుకుంటుంది.

పేరుతోనే వెతకాలి అని పట్టుబడితే ఇంకో దొంగ ఉన్నాడు, చూసుకోండి. 'మార్కెట్‌' అని పొల్లుతో ఆగే మాటలు టైప్ చేసినప్పుడు కొన్ని కీబోర్డులు చివర కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటరుకి మాత్రం రెండు వేరు మాటలు. డేటాబేసులో ఒకటి, లింకులో ఇంకోటి ఉంటే ఎంత తేరిపార చూసినా తేడా దొరకదు. లెన్ (పొడవు లెక్కపెట్టే ఫంక్షన్) కొట్టి చూడండి, ఒక అంకె ఎక్కువ వస్తుంది. సేవ్ చేసేటప్పుడే 200సి అనే ఆ కోడ్ పాయింట్‌ని తీసేసి, వచ్చిన లింకు నుంచి కూడా తీసేసి పోల్చండి.

లాగ్‌లో ఈ లింకులు చూస్తే భయమేస్తుంది. ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు, అంటే ఒక్కో గుర్తుకి 9. 'నెల్లూరు'లో న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, ఊత్వం, ర, ఉత్వం మొత్తం 8 గుర్తులు కాబట్టి లింకులో అది 72 అక్షరాల తోకవుతుంది. '%ఈ0%బీ0', '%ఈ0%బీ1' అని మొదలయ్యేవన్నీ తెలుగేనని గుర్తుపెట్టుకుంటే చాలు. ఇందాకటి కనపడని దొంగ అయితే '%ఈ2%80%8సి' అని పట్టుబడతాడు. జాంగోకి చేరేసరికి ఇవి మామూలు తెలుగైపోతాయి, మీరు విప్పక్కర్లేదు. ఇప్పటికే ఇలా మారిన లింకుని మీ కోడ్‌లో మళ్లీ ఒకసారి ఎన్‌కోడ్ చేస్తే శాతం గుర్తు కూడా '%25' అయిపోయి, మళ్లీ 404.

ఇవన్నీ సరిచేశాక కూడా లాగ్‌లో ఒక రకం 404 అప్పుడప్పుడూ కనిపిస్తుంది, 'రేట్స్/30/' తర్వాత తోకగా '%ఈ0%బీ0%బీ2%ఈ0%బీ1%8బీ'. విప్పితే అది 'లో'. ఎవరో వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి, ఖాళీ వదలకుండా 'లో చూడండి' అని రాస్తే ఆ 'లో' కూడా లింకులో కలిసిపోయింది. దీనికి కోడ్ మార్చక్కర్లేదు, లింకు తర్వాత ఖాళీ వదలమని చెప్తే సరిపోతుంది, వింటారా అనేది వేరే సంగతి.

వెనక్కి లింకు తయారుకాకపోతే

రూటు పేరు నుంచి జాంగో లింకు తయారుచేయలేకపోతే వచ్చేది 404 కాదు, నో రివర్స్ మ్యాచ్ అని 500 (సర్వర్ ఎర్రర్) వస్తుంది, టెంప్లేట్‌లో యూఆర్ఎల్ ట్యాగ్ దగ్గర పడిపోతుంది. మెసేజ్ చదివితే మూడు రకాలు. పేరు 'నాట్ ఎ వ్యాలిడ్ వ్యూ ఫంక్షన్ ఆర్ ప్యాటర్న్ నేమ్' అంటే పేరు తప్పు, లేదా యాప్ నేమ్ పెట్టిన యాప్‌లో ముందు 'రేట్స్:' చేర్చడం మర్చిపోయారు. 'నాట్ ఎ రిజిస్టర్డ్ నేమ్‌స్పేస్' అంటే యాప్ నేమే పెట్టలేదు లేదా ఇంక్లూడ్ కాలేదు. మూడోది, 'విత్ ఆర్గ్యుమెంట్స్' అని చెప్పి బ్రాకెట్లలో ఖాళీ కోట్స్ చూపిస్తే, రూటు బంగారంలా ఉంది, టెంప్లేట్ నుంచి మీరు పంపిన వేరియబుల్ ఖాళీ. ఇక్కడ జనం రూటుని తిట్టుకుంటూ కూర్చుంటారు, తప్పు వ్యూలో కాంటెక్స్ట్ పంపిన చోట ఉంటుంది.

ప్యాటర్న్‌లో కౌంట్ అని రాసి, ఫంక్షన్‌లో సైజ్ అని పేరు పెడితే 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ కీవర్డ్ ఆర్గ్యుమెంట్' వస్తుంది. రెండు పేర్లూ ఒకటి చేయండి, అయిపోయింది.

లోకల్‌లో వస్తుంది, సర్వర్‌లో రాదు

పేజీ మధ్యలో 404 నాట్ ఫౌండ్, కింద గీత, దాని కింద ఎన్‌జిన్‌ఎక్స్ అని పేరు ఉంటే జాంగోకి ఈ గొడవతో సంబంధం లేదు, రిక్వెస్టు అక్కడిదాకా రాలేదు. కాన్ఫిగ్‌లో లొకేషన్ బ్లాకులు చూడండి. 400 బ్యాడ్ రిక్వెస్ట్ వస్తే ఎక్కువసార్లు అలౌడ్ హోస్ట్స్‌లో మీ డొమైన్ లేదు, రూటింగ్ కాదు.

జాంగో 404యే వస్తోంది, కొత్త రూటుకే వస్తోంది, పాతవి బాగున్నాయి అంటే సర్వర్ మీద జాంగోని నడిపే గునికార్న్‌ని రీస్టార్ట్ చేయండి. లోకల్‌లో రన్‌సర్వర్ ఫైలు మారగానే తనే మళ్లీ లేస్తుంది, గునికార్న్ చెప్తే తప్ప లేవదు. గిట్ పుల్ చేసి ఊరుకుంటే పాత కోడే నడుస్తూ ఉంటుంది.

సైటు డొమైన్ మొదట్లో కాకుండా '/రొయ్యలు/' లాంటి లోపలి పాత్ మీద పెట్టినప్పుడు ప్రాక్సీ పాస్ లైను చివరి స్లాష్ అటో ఇటో తేలుస్తుంది. పోర్ట్ నంబరు తర్వాత స్లాష్ ఉంటే ఎన్‌జిన్‌ఎక్స్ లొకేషన్ ముక్కని తీసేసి మిగతాది పంపుతుంది, లేకపోతే మొత్తం పాత్‌ని ఉన్నదున్నట్టు పంపుతుంది. తీసేసి పంపితే రూట్లు అతుకుతాయి గానీ జాంగో తయారుచేసే లింకుల్లో ఆ ముందు ముక్క ఉండదు, మొదటి పేజీ తెరుచుకుంటుంది, ఏ లింకు నొక్కినా 404. అప్పుడు సెట్టింగ్స్‌లో ఫోర్స్ స్క్రిప్ట్ నేమ్‌కి ఆ ముక్క ఇవ్వాలి, చివర స్లాష్ లేకుండా.

ఇంతా చేసి సరైపోయాక కూడా మీ ఒక్క బ్రౌజర్‌లోనే పాత తప్పు దారికే పోతుంటే, అది ఇందాకటి 301 క్యాష్. 301 అంటే శాశ్వతం అని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, సర్వర్‌ని మళ్లీ అడగదు. ఇన్‌కాగ్నిటోలో తెరిచి చూడండి, లేదా కర్ల్‌కి పెద్ద ఐ ఆప్షన్ ఇచ్చి హెడర్లు మాత్రం తెప్పించుకోండి, అందులో 200 వస్తే సర్వర్ బాగుంది, మీ బ్రౌజర్ క్యాష్ తుడుచుకోండి.